ప్రాజెక్ట్ మూడేళ్లు, ఇంప్లాంట్ ఐదేళ్లు: విదేశీ భాగస్వామ్యం ప్లాన్ చేసే ముందు

చేతి పైభాగంలో చర్మం కింద పెట్టే గర్భనిరోధక ఇంప్లాంట్ రకాన్ని బట్టి మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తుంది. విదేశీ నిధులతో నడిచే తల్లుల ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ ప్రాజెక్టేమో చాలాసార్లు మూడేళ్లకే ముగిసిపోతుంది. అంటే చివరి ఏడాది ఇంప్లాంట్ పెట్టించుకున్న ఆవిడ తీయించుకుందామని వచ్చేసరికి మీరెవరూ అక్కడ ఉండరు. రిపోర్టులో అడిగేది ఎన్ని పెట్టారనే కాబట్టి పెట్టడం అందరికీ నేర్పిస్తారు. తీయడం, అందులోనూ లోతుకు దిగిపోయినదాన్ని తీయడం, వచ్చిన నర్సు జిల్లాకి ఒకరుంటే గొప్ప. అందుకే నేను చెప్పేది ఒకటే, ప్లాన్‌ని చివరి నుంచి మొదటికి రాయండి.

చివరి నుంచి అంటే, నిధులు ఆగిన మర్నాడు నర్సు జీతం, మందుల స్టాక్, అంబులెన్స్ డీజిల్ ఎవరి బడ్జెట్‌లోకి వెళ్తాయో ముందే రాసిపెట్టుకోవడం. ‘ప్రభుత్వం చూసుకుంటుంది’ అంటే కుదరదు, ఏ శాఖ, ఏ పద్దు, ఏ సంవత్సరం నుంచి అన్నది కావాలి. ఇది అతిజాగ్రత్త కాదు. 2021లో బ్రిటన్ ఒక్క దెబ్బతో యూఎన్ఎఫ్‌పీఏ (ఐక్యరాజ్యసమితి జనాభా నిధి) పేద దేశాలకు గర్భనిరోధకాలు అందించే కార్యక్రమానికి ఇస్తానన్న డబ్బులో దాదాపు 85 శాతం కోసేసింది. 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌నే మూసేసింది. 1984లో మొదలైన మెక్సికో సిటీ పాలసీ సంగతి సరేసరి, అమెరికా డబ్బు తీసుకునే విదేశీ సంస్థలు గర్భస్రావ సేవల జోలికి వెళ్లొద్దనే ఆ షరతుని అక్కడ రిపబ్లికన్లు వస్తే పెడతారు, డెమొక్రాట్లు వస్తే ఎత్తేస్తారు, మధ్యలో నలిగేది ఎక్కడో పల్లెలోని క్లినిక్. కాబట్టి ఒకే దాత మీద ఆధారపడొద్దు, గర్భనిరోధకాల స్టాక్ విషయంలో అయితే అసలే ఆధారపడొద్దు.

ఇక సమస్య ఏంటో తేల్చుకోవడం. ఇక్కడ తొందరపడకండి. ప్రసూతి మరణాల వెనక మూడు ఆలస్యాలుంటాయని 1994 నుంచీ అందరూ వాడుతున్న లెక్క ఒకటుంది: ఆస్పత్రికి వెళ్దామని ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. సర్వే ఫారాలు అచ్చేయించే ముందు ఆ ప్రాంతంలో చావు అంచు దాకా వెళ్లి బతికిన నలుగురైదుగురు తల్లులతో, వాళ్ల ఒప్పుకోలుతో, కూర్చుని ఆ రోజు గంటగంటకీ ఏం జరిగిందో అడగండి. చాలాసార్లు మీరు రాసుకొచ్చిన ప్రపోజల్ ఒక ఆలస్యం గురించి ఉంటుంది, అక్కడ ప్రాణం తీస్తున్నది ఇంకొకటి. ఉదాహరణకు కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ తీసుకోండి. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోతే మందు బలం తగ్గిపోతుంది, సీసా మాత్రం చూడ్డానికి అలాగే ఉంటుంది, నర్సు ఇంజెక్షన్ ఇస్తుంది, రక్తం ఆగదు. అలాంటి చోట మీరు అవగాహన సదస్సు పెడితే ఏం లాభం? ఫ్రిజ్, సోలార్ ప్యానెల్, లేదా అదే పని చేస్తూ వేడిని తట్టుకునే కార్బెటోసిన్ మందు, వీటి గురించి మాట్లాడాలి.

పద్ధతి ఎంచుకునేటప్పుడు ఘానాలోని నవ్‌రోంగో ప్రయోగం చూడండి. 1990ల్లో అక్కడి ఆరోగ్య శాఖకే చెందిన పరిశోధన కేంద్రం ఒక్కో ప్రాంతంలో ఒక్కో పద్ధతి పెట్టి చూసింది: ఒకచోట నర్సులు ఊళ్లలోనే కాపురం, ఒకచోట ఊరి వాలంటీర్లు, ఒకచోట ఇద్దరూ. వాలంటీర్లతో మాత్రమే నడిపినచోట పెద్దగా ఫలితం లేదు, ఇద్దరూ కలిసినచోట కాన్పుల సంఖ్య తగ్గింది. తర్వాత దాన్నే దేశమంతటికీ విధానంగా తీసుకున్నారు. విదేశీ డబ్బు ఉంది, కానీ స్టీరింగ్ వాళ్ల చేతుల్లోనే ఉంది, గమనించండి. ఇథియోపియా కూడా 2003 నుంచి ఊరి ఆడవాళ్లనే జీతమిచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా పెట్టుకుంది. ‘జీతం’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి, మనకి ‘వాలంటీర్’ అనే మాట చవగ్గా దొరుకుతుంది కాబట్టి ఎక్కువ వాడేస్తాం. ఇంకోటి, ఎక్కువ జీతం ఆశ చూపి ప్రభుత్వ నర్సులని మీ ప్రాజెక్ట్‌లోకి లాక్కోకండి.

డేటాకి కొత్త రిజిస్టర్ పెట్టొద్దు. చాలా దేశాల్లో ప్రభుత్వం ఆరోగ్య లెక్కలు నమోదు చేసే డీహెచ్ఐఎస్2 అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులోంచే తీసుకోండి. టార్గెట్లు కూడా వద్దు. ‘ఇంతమందికి ఇంప్లాంట్ పెట్టాలి’ అని నర్సు నెత్తిన నంబర్ పెడితే వద్దన్న మనిషికి కూడా పెట్టేస్తారు. 1994లో కైరోలో జరిగిన జనాభా సదస్సులో 179 దేశాలు ఒప్పుకున్నది జనాభా టార్గెట్లు కాదు, ఆవిడ ఇష్టం ముఖ్యం అని. దాని బదులు, తీయమని ఎంతమంది అడిగారు, ఎంతమందికి అదేరోజు తీశారు అని లెక్కపెట్టండి.

గోప్యత గురించి దాతకి ముందే గట్టిగా చెప్పండి. ఇంట్లో తెలియకుండా మూడు నెలలకోసారి గర్భనిరోధక ఇంజెక్షన్ తీసుకునేవాళ్లుంటారు. ఇంట్లో అందరికీ ఒకటే ఫోన్ అయినప్పుడు ‘మీ ఇంజెక్షన్ తేదీ వచ్చింది’ అని మెసేజ్ పంపితే ఆవిడ కొంప మునుగుతుంది. ఫోటోలు అడిగితే బిల్డింగ్ ఫోటో పంపండి.

ఎంఓయూ (ఒప్పంద పత్రం) ఆఖరున. అందులో ఇంప్లాంట్ తీసే కిట్లు ఎన్ని, తీయడం వచ్చిన నర్సులు ఎక్కడెక్కడ, ప్రాజెక్ట్ అయ్యాక రెండేళ్లు వాళ్ల ట్రైనింగ్ ఖర్చు ఎవరిది అన్నవి రాయండి. ఆరోగ్య శాఖలో బడ్జెట్ చూసే అధికారి సంతకం తప్పనిసరి. సంతకాల రోజు ఆ అధికారి రాలేనంటే సభ తేదీ మార్చుకోండి.