పాత లేత్ టేపర్ కోస్తోందా? హెడ్‌స్టాక్ విప్పకండి, కాళ్ల కింద చూడండి

పాత ఇనుము కొట్లో తూకానికి దొరికిన లేత్‌ను (ఇనుప రాడ్‌ను తిప్పుతూ కోసే మిషన్) తుప్పు గీకి, నూనె పట్టించి, షెడ్లో నిలబెట్టి మొదటి రాడ్ కోస్తారు. ఒక కొన లావు, ఒక కొన సన్నం. టేపర్ అంటే ఇదే. వెంటనే "బెడ్ (టూల్ నడిచే పొడవాటి పట్టాలు) అరిగింది" అనో, "హెడ్‌స్టాక్ తిరిగింది" అనో తేల్చేసి హెడ్‌స్టాక్ బోల్టులకు పానా వేస్తారు. రాడ్‌ను తిప్పే హెడ్‌స్టాక్ ఫ్యాక్టరీలో గీకి, కొలిచి కూర్చోబెట్టిన భాగం. ఒకసారి కదిలితే మళ్లీ అదే వరుసకు తేవడం మామూలు షాపులో అయ్యే పని కాదు. బాగున్న మిషన్లు ఇలాగే పాడై మళ్లీ తూకానికి పోతున్నాయి.

సెంటర్ పెట్టినప్పుడే టేపర్ వస్తోంది

చక్‌లో (రాడ్‌ను బిగించి పట్టే దవడల్లో) మాత్రమే పట్టి కోస్తే సరిగా ఉండి, రాడ్ రెండో కొనకు ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్ మొన (సెంటర్) ఆనించగానే టేపర్ వస్తే తప్పు టెయిల్‌స్టాక్‌దే. పాత యజమాని ఎప్పుడో టేపర్ పని కోసం పక్కకి జరిపి అలాగే వదిలేసి ఉంటాడు. ఇంత తేలిక చెకింగ్‌ను చాలామంది దాటేస్తారు. వెనక ఉన్న సున్నా గీతను నమ్మకండి, రాడ్ కోసి కొలవండి. టెయిల్‌స్టాక్ వైపు కొన లావుగా ఉంటే టెయిల్‌స్టాక్‌ను మీ వైపుకి, సన్నగా ఉంటే అవతలికి జరపాలి. జరపాల్సింది వ్యాసాల తేడాలో సగమే. పక్క స్క్రూల్లో ఒకటి వదులు చేసి రెండోది బిగించండి, బెడ్‌కి క్లాంప్ చేశాకే మళ్లీ కొలవండి. అడుగున ఇనుప రజను ఇరుక్కున్నా ఇదే తేడా వస్తుంది, కాబట్టి ముందు తుడవండి. టూల్ కింద ఉండి కోణానికి తిప్పగల టాప్ స్లయిడ్‌తో కోస్తుంటే దాని డిగ్రీ సున్నా మీద ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

సెంటర్ లేకుండా, చక్‌లో పట్టి కోసినా టేపర్ వస్తోంది

అసలు దొంగ ఇక్కడున్నాడు. బెడ్ మెలి తిరిగి ఉంటుంది. కర్ణాటక హరిహర్ లేత్ అయినా, పంజాబ్ బటాలా లేత్ అయినా, పోత ఇనుము బెడ్ చూడటానికి బండరాయిలా ఉంటుంది గానీ, నాలుగు కాళ్లలో ఒకటి దిగినా, లేచినా తడిబట్టలా మెలి పడుతుంది. లెక్క చూడండి. కాళ్ల మధ్య అడ్డంగా 300 మి.మీ., బెడ్ మీద సెంటర్ ఎత్తు 150 మి.మీ. అనుకుందాం. టెయిల్‌స్టాక్ వైపు ముందు కాలు 0.1 మి.మీ. దిగితే, ఆ కొసకు వెళ్లేసరికి టూల్ రాడ్ నుంచి సుమారు 0.05 మి.మీ. దూరమవుతుంది. వ్యాసంలో అది 0.1 మి.మీ. కాగితం మందం తేడాకే ఇంత టేపర్.

మన వైపు ఇది మరీ ఎక్కువ. నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల్లో చాలా షెడ్లు నల్లరేగడి మీద ఉన్నాయి. ఆ నేల రోహిణి కార్తె ఎండలకు నెర్రెలిచ్చి కుంగుతుంది, వానలకు ఉబ్బుతుంది. దాని మీద ఇసుక పోసి నాపబండ పరిచి, ఒక్కో కాలిని ఒక్కో బండకు బిగిస్తారు. రేకుల చూరు నీళ్లు వెనక గోడ పక్కనే పడుతుంటే వెనక కాళ్ల కింద నేల లేస్తుంది. వేసవిలో సరిచేసిన లేత్ సెప్టెంబరులో మళ్లీ టేపర్ కోస్తుంది. అప్పుడు బేరింగుల్ని తిడతారు. అనంతపురం ఎర్రగరుసు నేలల్లో ఈ బాధ తక్కువే, అయినా బండ కింద ఇసుక జారితే అక్కడా అంతే.

పరీక్ష ఇలా చేయండి. 40 మి.మీ. మైల్డ్ స్టీల్ రాడ్‌ను చక్ నుంచి 200 మి.మీ. బయటికి పెట్టి పట్టండి, టెయిల్‌స్టాక్ దూరంగా నెట్టండి. 25 మి.మీ. రాడ్ వద్దు, అది టూల్‌కి వంగి తానే టేపర్ చూపిస్తుంది. రెండు చివరలా 20 మి.మీ. వెడల్పు ఎత్తు పట్టీలు (కాలర్లు) వదిలి మధ్యభాగం 2 మి.మీ. లోతు తగ్గించండి. పదునైన టూల్‌తో, టూల్‌ను లోపలికి, బయటికి జరిపే క్రాస్ స్లయిడ్ ముట్టుకోకుండా, 0.1 మి.మీ. కట్‌తో రెండు కాలర్లూ ఒకే నడకలో కోయండి. రాడ్ విప్పకుండా మైక్రోమీటర్‌తో కొలవండి. తేడా 0.02 మి.మీ. లోపు ఉంటే వదిలేయండి.

ఎక్కువుంటే కాళ్ల బోల్టులన్నీ వదులు చేసి ఒక రాత్రి అలా ఉంచండి. పొద్దున ప్రతి కాలి కింద 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సన్నని కొలత రేకు) దూర్చండి. దూరిన చోట ఖాళీ ఉన్నట్టు. ఆ ఖాళీని బోల్టుతో కిందికి లాగి బిగించడమే అందరూ చేసే తప్పు, మెలి పుట్టేదే అక్కడ. ఖాళీని షిమ్‌తో (పలుచని రేకు ముక్కతో) నింపి, తర్వాత బోల్టు బిగించాలి. ఇత్తడి షిమ్ మేలు. దొరక్కపోతే కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా గోడ సుమారు 0.1 మి.మీ. ఉంటుంది, కత్తిరించి వాడండి. అట్ట, చెక్క, రబ్బరు వద్దు, అణిగిపోతాయి. మళ్లీ కాలర్లు కోసి చూడండి. బయటి కాలర్ ఇంకా లావుగా ఉంటే టెయిల్‌స్టాక్ వైపు ముందు కాలిని లేపాలి. సన్నగా ఉంటే అదే వైపు వెనక కాలిని. ఒకసారికి ఒక్క షిమ్మే.

మేస్త్రీ రసమట్టం ఈ పనికి చాలదు. మీటరుకు 0.02 మి.మీ. చూపే మిషన్ లెవెల్ ఉంటే బెడ్‌కి అడ్డంగా హెడ్‌స్టాక్ దగ్గర ఒకసారి, చివర ఒకసారి పెట్టండి. రెండు చోట్లా బుడగ ఒకే చోట నిలవాలి. బెడ్ మట్టంగానే ఉండాలని లేదు. ఊగే ఓడల్లోనూ లేత్‌లు నడుస్తాయి. మెలి లేకపోతే చాలు.

నల్లరేగడిలో ఎక్కువ కాలం నిలకడగా కుదరాలంటే కాళ్లన్నిటికీ కలిపి ఒకే దిమ్మ కావాలి. రెండడుగులు నల్లమట్టి తీసేసి, గరుసు పొరలుగా దిమ్మిసా కొట్టి, పైన అడుగు మందం కడ్డీల కాంక్రీటు పోయండి. 28 రోజుల తర్వాతే మిషన్ ఎక్కించండి. చూరు నీళ్లకు కాలువ తీయడం మర్చిపోవద్దు.

మిగతావి

చక్ రనౌట్ (మధ్యకు కాక పక్కకు ఊగుతూ తిరగడం) వల్ల టేపర్ రాదు. చక్‌ను తిప్పే స్పిండిల్ బుష్ వదులైతే వణుకు, చారలు వస్తాయి గానీ నిలకడైన టేపర్ రాదు. బెడ్ అరుగుదల ఉంటే టేపర్ సమానంగా కాకుండా చక్ దగ్గరి అడుగులోనే కనిపిస్తుంది. హెడ్‌స్టాక్ కదలడం చాలా అరుదు, ఎవరో ముందే విప్పి ఉంటే తప్ప.

కాలర్లు కోసిన రాడ్‌ను పారేయకండి. నూనె రాసి, నూనెగుడ్డ చుట్టి షెడ్లోనే ఉంచండి. ఎండాకాలం చివర ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి అదే రాడ్ మీద 0.1 మి.మీ. కోసి కొలిచి, తేడాను తేదీతో సహా గోడ మీద రాసుకోండి.