భక్తి సిద్ధాంతాన్ని పరిశోధన దృష్టితో చదవడం ఎలా?

భక్తి అనే అంశాన్ని మొత్తంగా నెత్తికెత్తుకుంటే ఎటూ తేలదు. ఒక్క ప్రశ్న పట్టుకోండి: భక్తి మోక్షానికి సాధనమా, తానే ఫలమా?

మూలంతో మొదలుపెట్టండి. నారద భక్తిసూత్రాలు 84 మాత్రమే, ఒక్క పూటలో అయిపోతాయి. ఆ తర్వాత 25 నుంచి 30 దాకా సూత్రాలను, వ్యాఖ్యానం పక్కనపెట్టి, పదవిభాగం చేసుకుంటూ మళ్లీ చదవండి. కర్మ, జ్ఞాన, యోగాల కన్నా భక్తి అధికమని 25వ సూత్రం అంటుంది. దానికి హేతువు 26వది: "ఫలరూపత్వాత్", అంటే భక్తి ఫలరూపం కాబట్టి. ఆ 'కాబట్టి' అర్థాన్నిచ్చే పంచమీ విభక్తిని గమనించకపోతే, అక్కడున్నది వాదమని తెలియక వట్టి స్తుతి అనుకుంటాం.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది 28 దగ్గర. భక్తికి జ్ఞానమే సాధనమని ఉంటుంది గానీ చివర "ఇత్యేకే" ఉంది. అంటే అది కొందరి అభిప్రాయం. దాన్ని సూత్రకారుడికి అంటగడితే వ్యాసమంతా తలకిందులవుతుంది. 30లో "స్వయం ఫలరూపతా" (భక్తి తానే ఫలం) అన్నది బ్రహ్మకుమారుల, అంటే బ్రహ్మదేవుడి కొడుకుల మాట.

ఇప్పుడు బ్రహ్మసూత్రాలకు రామానుజులు రాసిన శ్రీభాష్యంలో తొలి అధికరణం (ఒక విషయంపై చర్చా విభాగం) తెరవండి. అక్కడ ఆయన ధ్రువానుస్మృతినే (ఎడతెగని స్మరణనే) భక్తి అంటారు, అది ఉపాసన, సాధనం. సూత్రాల మాటనూ, రామానుజుల మాటనూ తొందరపడి సమన్వయం చేయకండి. సమన్వయం సంప్రదాయం పని, తేడా ఎక్కడుందో చూపడం మీ పని.

నోట్సులో మూలం, వ్యాఖ్యాత మాట, మీ ఊహ వేర్వేరు గడుల్లో రాయండి. సూత్రసంఖ్యతోపాటు ఏ ప్రతి వాడారో రాసుకోండి.