చివరి పేజీ షాక్: సూపర్‌హీరో కామిక్స్‌లో ట్విస్ట్‌ని తూచడం ఎలా

ఇరవై చిల్లర పేజీల ఇష్యూ హాయిగా చదువుకుంటూ వస్తాం. చివరి పేజీ తిప్పగానే ఎన్నాళ్ల నుంచో ఇష్టపడుతున్న పాత్ర చచ్చిపడి ఉంటుంది, లేదా విలన్ పక్కన నిలబడి నవ్వుతుంటుంది. "ఏటి గురూ, ఇంత అన్యాయమా!" అని విశాఖ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడిపోతుంది. ఆ కోపం న్యాయమైనదే. పాత్ర మీద ప్రేమ లేనివాడికి అంత కోపం రాదు. కాకపోతే ఆ రాత్రే తీర్పు చెప్పేస్తే రెండు రకాల నష్టం. మంచి కథని మధ్యలో వదిలేస్తాం, లేదంటే పసలేని షాక్‌కి మనమే ఉచితంగా ప్రచారం చేసిపెడతాం. ట్విస్ట్ బాగుందో లేదో ఆ ఒక్క పేజీలో తేలదు. దానికి ముందు వచ్చిన ఆరు ఇష్యూల్లో, తర్వాత వచ్చే మూడు ఇష్యూల్లో తేలుతుంది.

నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు

ఒక పేజీని నాలుగు గళ్లు చేసి వాటి పైన ఈ ప్రశ్నలు రాసుకోండి: ఎవరి నిర్ణయం వల్ల జరిగింది? ఆధారం ఎక్కడుంది? ఇది ఎవరి కథ? వెనక్కి తిప్పడం ఎంత తేలిక? ఆ తర్వాత గత ఆరు ఇష్యూలు ముందు పెట్టుకుని నింపుతూ రండి. ఆరే ఎందుకంటే, ఇప్పటి సూపర్‌హీరో కథలు ఎక్కువగా అయిదారు ఇష్యూలకు ఒక పుస్తకంగా కట్టేలా రాస్తారు. ఆ కొలతలో విత్తనం కనబడకపోతే అసలు నాటలేదనే అనుమానించాలి.

మొదటి గడే అన్నిటికన్నా బరువైనది. 1973లో వచ్చిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121వ ఇష్యూ తీసుకోండి. విలన్ గ్రీన్ గోబ్లిన్, స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీని వంతెన మీద నుంచి పడేస్తాడు. స్పైడర్‌మ్యాన్ దారం విసిరి ఆమె కాళ్లు పట్టుకుంటాడు. ఆమె మెడ పక్కన "స్నాప్" అని చిన్న అక్షరాలు. దారం పట్టిన కుదుపుకే మెడ విరిగిందని 125వ ఇష్యూ ఉత్తరాల పేజీలో సంపాదకవర్గం చెప్పింది. కాపాడబోయిన చేతే ప్రాణం తీసింది. గ్వెన్‌ని చంపాలన్నది ఆఫీసులో కూర్చుని తీసుకున్న నిర్ణయమే. పెళ్లి దాకా వెళ్తే పాత్ర ముదిరిపోతుందన్న లెక్క కూడా అందులో ఉంది. అయినా పేజీ మీద కనబడే కారణం మాత్రం హీరో చేసిన పనిలోంచే పుట్టింది. కాబట్టి "ఇది ఎడిటర్ ఆర్డరు" అని తెలిసినంత మాత్రాన ట్విస్ట్‌ని కొట్టిపారేయకండి. ఆర్డరు ఎవరిదైనా, కథ దాన్ని తనలో కలుపుకుందా లేదా అన్నదే గడిలో రాయాల్సింది.

రెండో గడిలో ఇష్యూ నంబరు, పేజీ నంబరు తప్ప ఇంకేమీ రాయకూడదు. "ఎక్కడో హింట్ ఇచ్చినట్టు గుర్తు" అనేది ఆధారం కాదు. 2012 చివర్లో వచ్చిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 700వ ఇష్యూలో, విలన్ డాక్టర్ ఆక్టోపస్ శరీరంలో చిక్కుకున్న పీటర్, అంటే అసలు స్పైడర్‌మ్యాన్, చనిపోతాడు. పీటర్ శరీరంలో డాక్టర్ ఆక్టోపస్ మిగిలిపోతాడు. అప్పట్లో రేగిన దుమారం చిన్నది కాదు. కానీ ఆధారం వెతికితే దొరుకుతుంది. ఏళ్ల తరబడి తిన్న దెబ్బలకు డాక్టర్ ఆక్టోపస్ ఒళ్లు పాడైపోయిందని 2009 నాటి 600వ ఇష్యూలోనే చూపించారు. మరబొమ్మలను దూరం నుంచి మనసుతో నడపడం కూడా అక్కడే ఉంది. శరీరాలు మారాయన్న సంగతి 698వ ఇష్యూలో బయటపడింది. ఆ తర్వాత సుపీరియర్ స్పైడర్‌మ్యాన్ 31 ఇష్యూలు నడిచి, 2014లో పీటర్ తిరిగొచ్చాక ముగిసింది. 700 చదివి ఆపేసినవాళ్లు ఆ కథలో సగమే చూశారు.

ఆధారం అంటే ఎలా ఉండాలో మనకి చిన్నప్పుడే తెలుసు. యుద్ధంలో కర్ణుడి రథచక్రం నేలలో దిగబడితే ఎవరూ "ఇదెక్కడి ట్విస్ట్" అనరు. పరశురాముడి శాపం, బ్రాహ్మణుడి శాపం, ఇంద్రుడికి ఇచ్చేసిన కవచకుండలాలు, కుంతికిచ్చిన మాట, అన్నీ ముందే విన్నాం. అన్నీ తెలిసే ఏడుస్తాం. తెలియకపోవడం వల్లే కథ కదిలిస్తుందనుకునే రచయిత చివరి పేజీ మీద అంతగా ఆధారపడతాడు.

మూడో గడి చూడ్డానికి తేలిక, దొంగలు ఎక్కువగా దొరికేది ఇక్కడే. చనిపోయింది ఒకరు, పుస్తకం ఇంకొకరిది అయితే ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. 1994లో గ్రీన్ లాంటర్న్ 54వ ఇష్యూలో హీరో స్నేహితురాలు అలెగ్జాండ్రా డివిట్‌ని చంపి ఫ్రిజ్‌లో కుక్కారు. హీరోకి కసి పుట్టించడం తప్ప ఆ చావుకి వేరే పని లేదు. ఇలా హీరో కోసం బలైన స్త్రీ పాత్రల జాబితాని 1999లో కామిక్స్ రచయిత్రి గెయిల్ సిమోన్ తయారుచేశారు. అప్పటి నుంచి ఈ రకం చావుకి ఫ్రిజ్ పేరే స్థిరపడింది.

అదే తప్పు 2023 మే 31న వచ్చిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 26వ ఇష్యూలో (నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యాక) మళ్లీ జరిగింది. 2014 నుంచి సొంత పుస్తకం ఉన్న కమలా ఖాన్ (మిస్ మార్వెల్), ఇంకొకరి పుస్తకంలో, పీటర్ ఒకప్పటి ప్రియురాలు మేరీ జేన్ రూపం వేసుకుని కత్తిపోటు తిని చనిపోయింది. అంతకుముందు ఇష్యూల్లో ఆమెకి పెద్ద పనేమీ లేదు. ఆమె తపన, ఆమె కుటుంబం, ఆమె ఊరు జెర్సీ సిటీ, ఏదీ ఆ కథలోకి రాలేదు. ఇష్యూ అమ్మకానికి రాకముందే వార్త బయటికి పొక్కింది, ప్రచురణ సంస్థ మార్వెల్ తానే ప్రకటించింది కూడా. జూలై చివర్లో ఎక్స్-మెన్ హెల్‌ఫైర్ గాలా సంచికలో ఆమె మళ్లీ బతికింది. రెండు నెలలు తిరక్కుండానే. ఈ గళ్లు నింపి చూస్తే ఒకటి, రెండు, మూడు ఖాళీ లేదా ఎరుపు. నాలుగోది "చాలా తేలిక".

నాలుగో గడిలో ముందుగా చూడాల్సినవి: శవం కనబడిందా, చావు ప్యానెల్ బయట జరిగిందా, కాలప్రయాణం, క్లోన్, రూపం మార్చేవాడు, వాస్తవాన్నే మార్చేసే కాస్మిక్ క్యూబ్ లాంటి వస్తువు ఏదైనా ఆ కథలో తిరుగుతోందా. 2016 మేలో వచ్చిన కెప్టెన్ అమెరికా: స్టీవ్ రోజర్స్ మొదటి ఇష్యూ "హెయిల్ హైడ్రా" అని హీరోయే విలన్ల ముఠా హైడ్రాకి జేజేలు కొట్టే మాటతో ముగిసింది. తర్వాతి ఇష్యూలోనే, కోబిక్ అనే పిల్ల రూపంలో ఉన్న కాస్మిక్ క్యూబ్‌ని విలన్ రెడ్ స్కల్ వాడుకుని స్టీవ్ గతాన్నే మార్చాడని చూపించారు. ప్లాట్ పరంగా తాళం ఒక్క నెలలో తెరుచుకుంది.

అయితే ఇక్కడ ఈ నోట్‌బుక్ పద్ధతికి ఉన్న హద్దు కూడా తెలుస్తుంది. ఆ కథ మీద చాలామందికి వచ్చిన కోపం "ఇది ఎలా సాధ్యం" అన్నది కాదు. కెప్టెన్ అమెరికాని సృష్టించిన జో సైమన్, జాక్ కిర్బీ ఇద్దరూ యూదులు. 1941 మార్చి తేదీతో వచ్చిన మొదటి సంచిక కవర్ మీదే వాళ్ల హీరో హిట్లర్ దవడ పగలగొట్టాడు. అలాంటివాణ్ని నాజీ వాసనున్న ముఠాలో నిలబెట్టడం బాధపెట్టింది. దానికి కాస్మిక్ క్యూబ్ జవాబు కాదు. కాబట్టి మీ అసంతృప్తి ప్లాట్ మీదా, అర్థం మీదా అన్నది నోట్‌బుక్ అడుగున ఒక వాక్యంలో విడిగా రాసుకోండి. రెండూ కలిపేస్తే వాదనలో ఓడిపోతారు. అవతలివాడు ప్లాట్‌కి జవాబు చెప్పి లేచిపోతాడు.

ఇంకో పొరపాటు: ట్విస్ట్ తెలిశాక వెనక్కి వెళ్లి చదివితే ప్రతి నీడా ఆధారంలాగే కనబడుతుంది. దీనికి విరుగుడు, ప్రతి ఇష్యూ చదవగానే "తర్వాత ఏం జరగొచ్చు" అని రెండు వరుసలు తేదీ వేసి రాయడం. ట్విస్ట్ వచ్చాక ఆ వరుసలే సాక్ష్యం. మీ ఊహకి దగ్గరగా వచ్చి, మీరు చూడని వైపుకి తిరిగిందంటే రచయిత కష్టపడ్డాడు. ఊహలన్నిటికీ సంబంధమే లేదంటే గట్టిగా అనుమానించండి.

తర్వాతి మూడు ఇష్యూలు

ఇక్కడ చూడాల్సింది ఒక్కటే, ఆ సంఘటన వల్ల ఎవరైనా చేయాల్సిన పని మారిందా అని. గ్వెన్ చనిపోయిన మరుసటి ఇష్యూ చివర్లో, పీటర్ కసురుకుని పొమ్మన్నా వెళ్లకుండా మేరీ జేన్ లోపలే ఉండి తలుపు వేస్తుంది. ఒక్క మాట లేకుండా రెండు పాత్రలు మారిపోయాయి. దానికి బదులు ఒక సంతాప ప్రత్యేక సంచిక, పది మంది హీరోలు వానలో గొడుగులతో నిలబడ్డ పేజీ, తర్వాతి నెల నుంచి మామూలు కథ వచ్చిందంటే లెక్క తేలిపోయినట్టే.

చనిపోయినవాడు తిరిగి రావడం దానంతట అదే తప్పు కాదు. 1964లో చనిపోయాడని చెప్పిన కెప్టెన్ అమెరికా సహచరుడు బకీని 2005లో రచయిత ఎడ్ బ్రూబేకర్, చిత్రకారుడు స్టీవ్ ఎప్టింగ్ వింటర్ సోల్జర్‌గా తెచ్చారు. ఇష్యూల తరబడి అనుమానం పెంచుతూ, కెప్టెన్ అమెరికా మనసులోని పాత గాయాన్నే కథగా మలిచారు. తిరిగి రావడం బాధని చెరిపేయలేదు, పెంచింది.

డబ్బు ఎక్కడ, ఎప్పుడు పెట్టాలి

అమెరికా షాపులు రెండు మూడు నెలల ముందే రాబోయే ఇష్యూల ప్రకటనలు చూస్తాయి. తుది ఆర్డరు గడువు సాధారణంగా ఇష్యూ రావడానికి కొన్ని వారాల ముందు. షాపు కొన్నవి చాలావరకు వాపసు ఉండవు. అంటే ట్విస్ట్ వచ్చిన రోజుకే ఆ ఇష్యూ, తర్వాతి ఒకటి రెండు ఇష్యూల లెక్క ప్రచురణకర్త దృష్టిలో పూర్తయిపోయింది. మీరు ఆ రాత్రి చేసే గోల ఆ అంకెని తగ్గించదు. ప్రీ-ఆర్డర్ పెట్టి ఉంటే, రాబోయే ఇష్యూ గడువు లోపల రద్దు చేసుకోవడం ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

ప్రకటన చదివేటప్పుడు గుర్తించాల్సిన సంకేతాలు: కథాంశం బదులు "అంతా మారిపోతుంది" అనే మాట, మూసిపెట్టిన కవర్, గుండ్రని అంకె ఉన్న పెద్ద సంచిక, ఎక్కువ ధర, డజనుకు మించిన వేరియంట్ కవర్లు (ఒకే ఇష్యూకి వేర్వేరు ముఖచిత్రాలు). వీటిలో మూడు కలిస్తే ఆగండి. వెల పెరుగుతుందన్న ఆశతో మాత్రం కొనకండి. 1992 నవంబర్‌లో, హీరో చనిపోయే సూపర్‌మ్యాన్ 75వ ఇష్యూని నల్ల కవర్లో సీలు వేసి లక్షల కాపీలు అమ్మారు. అందరి దగ్గరా ఉన్న వస్తువుకి వెల రాదు.

విశాఖలో ఉండి చదివేవాళ్లకి దూరమే ఒక విధంగా లాభం. విడి ఇష్యూ 4 నుంచి 5 డాలర్లు. ఆరు కొంటే 24 నుంచి 30, రవాణా వేరు. అదే కథ ట్రేడ్ పేపర్‌బ్యాక్‌గా (ఇష్యూలన్నీ కలిపి కట్టిన పుస్తకంగా) సుమారు 16 నుంచి 20 డాలర్లకి వస్తుంది. మార్వెల్ వాళ్ల డిజిటల్ చందా సేవ మార్వెల్ అన్‌లిమిటెడ్‌లో ఇష్యూలు అచ్చు అయిన సుమారు మూడు నెలలకి వస్తాయి. నెలకొకటి వచ్చే పుస్తకమైతే, మీరు ట్విస్ట్ చదివే రోజుకి తర్వాతి మూడు ఇష్యూలు బయటికొచ్చేసి ఉంటాయి. నాలుగు గళ్లలో రెండో అంతకన్నా ఎక్కువో ఖాళీగా ఉంటే విడి ఇష్యూలు ఆపేసి ఈ దారికి మారండి. కొని దాచుకునేవాళ్లు ఒక సంగతి మరవకూడదు: ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వంటి సముద్రం పక్క ఇళ్లలో ఇష్యూలకి కొట్టిన పిన్నులు తుప్పు పడతాయి. ఆమ్లం లేని అట్ట, ప్లాస్టిక్ కవరు, మూతున్న డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు ఉండాలి. వానాకాలంలో పొట్లాలు మార్చాలి.

గ్రూపులో, బీచ్ రోడ్డులో

ఆగి చదివేవాడికి స్పాయిలరే శత్రువు. అమెరికాలో బుధవారం ఉదయం షాపులు తెరిచేసరికి ఇక్కడ రాత్రి అవుతుంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచే పాత్ర పేరు, పుస్తకం పేరు ఫోన్‌లో మ్యూట్ చేయండి. మెసేజ్ పెట్టేవాళ్లు మొదటి వరుసలో పుస్తకం పేరు, ఇష్యూ నంబరు రాసి, కింద ఏడెనిమిది వరుసలు చుక్కలు పెట్టి, ఆ తర్వాత విషయం రాయాలి. నోటిఫికేషన్‌లో మొదటి వరుసలే కనబడతాయి కదా. ఫొటో అయితే ఒక్కసారే తెరుచుకునేలా పంపండి. ఆదివారం ఆర్.కె. బీచ్‌లోనో, ద్వారకా నగర్ పౌర గ్రంథాలయం దగ్గరో కలిసినప్పుడు ముందు నోట్‌బుక్‌లు తెరిచి గళ్లు చదవాలి, అభిప్రాయాలు తర్వాత. లేకపోతే గట్టి గొంతు ఉన్నవాడిదే తీర్పు అవుతుంది.

ఉత్తరం రాయడం

1988లో బ్యాట్‌మ్యాన్ ప్రచురణ సంస్థ డీసీ పాఠకుల చేత ఫోన్ ఓట్లు వేయించి, అప్పటి రాబిన్ అయిన జేసన్ టాడ్ బతకాలా చావాలా అని అడిగింది. చావుకి 5,343, బతుకుకి 5,271. కేవలం 72 ఓట్ల తేడా. అలాంటి అవకాశం రోజూ రాదు, కానీ ఉత్తరాల పేజీ ఉన్న పుస్తకాలు ఇంకా ఉన్నాయి. చిరునామా ఇష్యూ వెనక పేజీల్లో ఉంటుంది. 150 నుంచి 200 పదాల్లో, ఇంగ్లీషులో రాయండి. మొదటి వాక్యంలో ఇష్యూ, పేజీ నంబరు. రెండో దాంట్లో ఆ పాత్ర అంతకుముందు ఏ ఇష్యూలో ఎలా ప్రవర్తించిందో, ఇప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో. మూడో దాంట్లో ఆ పుస్తకంలో మీకు నచ్చినది ఒకటి. పొగడ్త కోసం కాదు, మీరు నిజంగా చదివారని తెలియడం కోసం. రచయితని తిట్టకండి. స్పైడర్‌మ్యాన్ 700 ముగింపు బయటికి పొక్కాక రచయిత డాన్ స్లాట్‌కి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. దాంతో న్యాయంగా అడిగినవాళ్ల ప్రశ్నలు కూడా ఆ గోలలోనే కొట్టుకుపోయాయి. మార్వెల్‌కి పంపే ఈమెయిల్ సబ్జెక్ట్‌లో "ఓకే టు ప్రింట్" అన్న మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో చేర్చండి, లేకపోతే అచ్చు వేయరు. ట్విస్ట్ చదివిన రాత్రి రాసినది పంపకుండా దాచి, మూడో ఇష్యూ చదివాక సరిదిద్ది పంపండి.