లోతైన డైవింగ్‌లో డికంప్రెషన్: ఆక్సిజన్ ప్రమాదాన్ని అదుపులో ఉంచుకోవడం ఎలా?

కృష్ణపట్నం వంటి రేవుల్లో నీటి అడుగు పనులు చేస్తూ, ట్రైమిక్స్ (ఆక్సిజన్, హీలియం, నైట్రోజన్‌ల మిశ్రమం) శిక్షణ కూడా పూర్తి చేసుకొని మరింత లోతుకు దిగాలనుకునే డైవర్ల కోసం ఈ వివరాలు రాస్తున్నాను. శిక్షణ లేనివారు దీన్ని చదివి నీళ్లలోకి దిగకూడదు.

సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ చొప్పున పీడనం పెరుగుతుంది. దానికి గాలి పీడనం ఒకటి కలిపి, వచ్చిన మొత్తాన్ని మిశ్రమంలోని ఆక్సిజన్ వాటాతో గుణిస్తే ఆక్సిజన్ పాక్షిక పీడనం తెలుస్తుంది. 60 మీటర్ల లోతులో 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం ఉన్న ట్రైమిక్స్ పీలిస్తే అది 1.26 అట్మాస్ఫియర్లు. పైకి వస్తూ 21 మీటర్ల దగ్గర 50 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్‌కు (నైట్రోజన్, ఆక్సిజన్ మిశ్రమానికి) మారితే 1.55, 6 మీటర్ల దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్‌కు మారితే 1.6 అవుతుంది. అడుగున 1.4ను, డికంప్రెషన్ దశలో, అంటే శరీరంలో కరిగిన వాయువు మెల్లగా బయటికి పోయేందుకు పైకి వస్తూ మధ్యలో ఆగి కదలకుండా వేలాడేటప్పుడు, 1.6ను దాటకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. ఈ లెక్క ప్రకారం ఒక డైవ్‌లో ఆక్సిజన్ ఒత్తిడి అత్యధికంగా ఉండేది దాదాపు ఇంటికి చేరుకున్నట్టు అనిపించే చివరి మీటర్లలోనే.

అధిక పీడనంలో ఆక్సిజన్ మూర్ఛ తెప్పిస్తుందని 1878లోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ బెర్ట్ ప్రకటించాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళం కోసం వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ జరిపిన ప్రయోగాల్లో మరో సంగతి బయటపడింది: ఒక మనిషికీ ఇంకో మనిషికీ మాత్రమే కాక, ఒకే మనిషిలో ఒక రోజుకూ మరో రోజుకూ కూడా తట్టుకునే శక్తి చాలా మారిపోతుంది. పైగా పొడి గదిలో కంటే నీటిలో ఆ శక్తి తక్కువ. చూపు సన్నగిల్లడం, చెవుల్లో హోరు, వికారం, పెదవులు అదరడం, చిరాకు, తల తిరగడం ముందస్తు లక్షణాలని పుస్తకాల్లో ఉంటుంది గానీ, అవేవీ లేకుండా నేరుగా మూర్ఛే రావచ్చు. నిన్న ఏమీ కాలేదన్న ధీమాకు అందుకే విలువ లేదు. ఈ ప్రమాదాన్ని ఒడ్డు మీద ఉండగానే కట్టడి చేసుకోవాలి.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది వాయువు మార్పిడి మీద. 6 మీటర్ల దగ్గర వాడవలసిన ఆక్సిజన్‌ను 21 మీటర్ల దగ్గర పొరపాటున నోట పెట్టుకుంటే పాక్షిక పీడనం 3.1కు చేరుతుంది. సిలిండర్ నింపిన తర్వాత ఎవరు ఏమి చెప్పినా నమ్మకుండా, డైవర్ స్వయంగా ఎనలైజర్‌తో కొలిచి, శాతం, తేదీ, తన పేరు టేపు మీద రాసి అంటించాలి. మన తీరపు ఉక్కపోతలో ఎనలైజర్ తప్పు చూపే అవకాశం ఉంది కనుక, దాన్ని నీడలో ఉంచి, కొలిచే చోటనే ముందు గాలితో సరిచేసుకోవాలి. వాడదగిన గరిష్ఠ లోతును సిలిండర్ పొడవునా పెద్ద అంకెలతో, తోటి డైవర్‌కు కూడా కనిపించేటట్టు రాయాలి. తలకిందులుగా చూస్తే 6 అంకె 9గా కనబడుతుంది కాబట్టి దాని కింద గీత తప్పనిసరి. చిన్న విషయమే గానీ, మసక నీటిలో అలసిన కళ్లతో చూసేవారికి ఆ గీతే దిక్కు.

మార్చే లోతుకు చేరాక ముందుగా అక్కడ స్థిరంగా నిలబడాలి. లోతు మీటరు చూసుకొని, సిలిండర్ మీది అంకెను తోటి డైవర్‌కు చూపించి, వాల్వు తెరిచి, ఆ సిలిండర్ నుంచి బయలుదేరిన గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ రెగ్యులేటర్ (నోట పెట్టుకొని ఊపిరి పీల్చే పరికరం) దాకా వెళ్లాలి. ఆ తర్వాతే దాన్ని నోట పెట్టుకోవాలి. తోటి డైవర్ నోటి దగ్గర మొదలుపెట్టి గొట్టం వెంబడి వెనక్కి సిలిండర్ దాకా వచ్చి, అంకెను మరోసారి చదివి, సరేనని సైగ చేయాలి. మార్చే లోతుకు చేరేవరకూ ఆ సిలిండర్ వాల్వు మూసి, రెగ్యులేటర్‌ను రబ్బరు పట్టీ కింద కట్టి ఉంచాలి. తొందరలో ఉన్నవారు దాటవేసేది సరిగ్గా ఈ తోటివారి తనిఖీనే.

ఇక సమయం లెక్క. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా పట్టిక ప్రకారం ఒక్క డైవ్‌లో 1.6 దగ్గర 45 నిమిషాలు, 1.5 దగ్గర 120, 1.4 దగ్గర 150, 1.3 దగ్గర 180 నిమిషాలు పరిమితి. అడుగున 1.26 దగ్గర 25 నిమిషాలు గడిపితే, దాన్ని 1.3గా లెక్కించినా ఆ పరిమితిలో ఖర్చయ్యేది 14 శాతమే. 6 మీటర్ల దగ్గర ఆక్సిజన్‌తో 20 నిమిషాలు ఉంటే మాత్రం 44 శాతం ఖర్చవుతుంది. అదే ఆక్సిజన్‌ను 4.5 మీటర్ల దగ్గర పీలిస్తే పీడనం 1.45, దాన్ని 1.5గా లెక్కేసినా 17 శాతంతో సరిపోతుంది. మీటరున్నర పైకి జరిగినందుకే ఇంత తేడా.

బంగాళాఖాతంలో ఈ మీటరున్నర మరీ ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో సముద్రం అలజడిగా ఉంటుంది. తక్కిన నెలల్లోనూ పెద్ద అలలున్న రోజున 6 మీటర్ల దగ్గర ఉండాలనుకున్న డైవర్ 8 మీటర్లకు జారితే పీడనం 1.8 అవుతుంది. అలాంటి రోజున 6 మీటర్ల మజిలీని 50 శాతం నైట్రాక్స్‌తోనే ముగించి, ఆక్సిజన్‌ను 4.5 మీటర్లకు వచ్చాక మొదలుపెట్టడం మేలు. మొత్తం సమయం కొంత పెరుగుతుంది కనుక ఈ మార్పును ఒడ్డునే లెక్క కట్టి పలక మీద రాసుకోవాలి. నీళ్లలో అప్పటికప్పుడు తోచినట్టు చేయకూడదు. ప్రతి 20 నిమిషాల ఆక్సిజన్ తర్వాత 5 నిమిషాలు వీపు సిలిండర్ల వాయువు (అడుగున పీల్చిన ట్రైమిక్స్) పీల్చడం మంచి అలవాటు.

రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మూర్ఛ ముప్పు కూడా పెరుగుతుంది. ప్రవాహానికి ఎదురీదడం, ఊపిరి బిగబట్టి వాయువు ఆదా చేయాలనుకోవడం, అడుగున చిక్కటి (సాంద్రత ఎక్కువైన) మిశ్రమం వాడడం అందుకే మానుకోవాలి. జలుబు తగ్గడానికి సూడోఎఫెడ్రిన్ ఉన్న మాత్ర వేసుకున్న రోజున దిగకపోవడమే మంచిది. ఆక్సిజన్ వల్ల ఊపిరితిత్తులపై పడే ప్రభావం వరుసగా చాలా రోజులు దిగేవారికే సమస్య. ఒక రోజు డైవ్‌లో దాని ఊసు తక్కువ.

ఏ లక్షణం కనబడినా వెంటనే వీపు సిలిండర్ల వాయువుకు మారి, తోటి డైవర్‌ను పట్టుకోవాలి. మారిన కొద్ది నిమిషాల్లో కూడా మూర్ఛ రావచ్చు. మూర్ఛ వచ్చినవారి నోట రెగ్యులేటర్ ఉంటే దాన్ని ఊడిపోకుండా పట్టుకొని, కుదుపులు ఆగేదాకా అదే లోతులో ఉండి, ఆ తర్వాత పైకి తీసుకురావాలి. రెగ్యులేటర్ ఊడిపోయి ఉంటే కుదుపులు ఆగేదాకా వేచి ఉండకుండా వెంటనే పైకి బయలుదేరాలి. రక్షించేవారి సొంత డికంప్రెషన్ బాకీ (పైకి వచ్చేముందు మధ్యలో ఆగి ఇంకా గడపవలసిన సమయం) ఎంత ఉందన్నది ఇక్కడ కఠినమైన ప్రశ్న. ఎవరు ఎంతవరకు వెళ్లాలో బోటెక్కక ముందే మాట్లాడుకోవాలి.

జువ్వలదిన్నె నుంచి బయలుదేరినా, కొత్తపట్నం నుంచి బయలుదేరినా, చెన్నైలో ఏ ఆసుపత్రి రీకంప్రెషన్ గది (మళ్లీ పీడనం పెంచి చికిత్స చేసే గది) ఆ రోజు పనిచేస్తున్నదో ఫోన్ చేసి కనుక్కోవాలి. నెల్లూరు నుంచి అక్కడికి రోడ్డు మీద సుమారు 175 కిలోమీటర్లు. ఆ నంబరు, ఒడ్డున సిద్ధంగా ఉండే వాహనం డ్రైవరు నంబరు బోటు సరంగు దగ్గర కాగితం మీద రాసి ఉండాలి. బోటులో ఆక్సిజన్ ఇచ్చే కిట్ ఎక్కడుందో, దాన్ని ఎలా తెరవాలో సరంగుకు చేసి చూపించిన తర్వాతే లంగరు ఎత్తాలి.