ఉతికినా పోని చెమట కంపుకు

కర్నూలు ఎండల్లో పాలిస్టర్ టీషర్టులతో ఇదే గోల. ఉతికి ఆరేసినప్పుడు బాగానే ఉంటుంది, వేసుకుని కాసేపు బండి మీద తిరిగితే చంకల దగ్గర మళ్లీ అదే కంపు. నూలు బట్టలకు ఈ బాధ తక్కువ. పాలిస్టర్ ఒంటి జిడ్డును పట్టుకుని అంత తేలిగ్గా వదలదు, వాసన పుట్టించే బ్యాక్టీరియా అందులోనే ఉండిపోతుంది. బోరు ఉప్పునీళ్లయితే మరీ కష్టం, సబ్బు నురగ రాదు సరికదా తెల్లటి మడ్డి బట్టకే అంటుకుంటుంది.

ఉతకడానికి ముందు అరబకెట్ నీళ్లలో ఒక కప్పు తెల్ల వెనిగర్ పోసి, చొక్కాను తిరగేసి అరగంట నానబెట్టండి. తర్వాత మామూలుగా సర్ఫుతో ఉతికితే చాలు. వెనిగర్ ఘాటు ఆరేసరికి పోతుంది. ఇంకా మొండికేస్తే ఈసారి వంటసోడా నీళ్లలో నానబెట్టండి. రెండూ ఒకేసారి కలిపితే పొంగడమే తప్ప పని జరగదు. బ్లీచింగ్ పౌడర్‌లో మాత్రం వెనిగర్ అస్సలు పోయకూడదు, విషవాయువు వస్తుంది.

వాసన కోసం ఫ్యాబ్రిక్ కండిషనర్ పోయడం నాకైతే నచ్చదు. ఆ పూత జిడ్డును లోపలే ఉంచేస్తుంది. ఆరేసేది కూడా తిరగేసే ఆరేయండి, రంగు వెలవదు.