డ్రైవ్‌ను చురుగ్గా ఉంచుకోవడం – 3వ పాఠం: ఒకే బటన్, రెండు పనులు

పోయిన పాఠంలో అక్కర్లేని ఫైళ్లు తీసేసి, సీ డ్రైవ్‌లో ఐదో వంతు ఖాళీ ఉంచుకున్నాం. అది చేయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. జాగా లేని డ్రైవ్‌లో ఈ పాఠం సరిగా నడవదు. విండోస్‌లో ‘ఆప్టిమైజ్’ అనే ఒకే బటన్ డ్రైవ్ రకాన్ని బట్టి రెండు వేర్వేరు పనులు చేస్తుంది. అవేంటో ఈ పాఠంలో చూద్దాం.

గుంటూరు మిర్చి యార్డుకి సీజన్‌లో వెళ్లినవాళ్లకి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఒక రైతు అరవై టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు. ఒకేచోట జాగా దొరక్క ఇరవై ఈ షెడ్డులో, పాతిక ఆ చివర, మిగతావి ఇంకోచోట దించారు. సరుకు ఎక్కడికీ పోలేదు. కానీ కాటా వేసేటప్పుడు యార్డంతా తిరగాలి. హార్డ్‌డిస్క్‌లో ఫైలు ముక్కలైతే జరిగేది ఇదే. లోపల పళ్లెం తిరుగుతుంటే, సన్నటి చెయ్యి ఒకటి దాని మీద అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది. 5400 ఆర్‌పీఎం (నిమిషానికి 5400 చుట్లు) డిస్క్ ఒక చుట్టు తిరగడానికి దాదాపు 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క చెయ్యి కిందికి వచ్చేసరికి సగటున అందులో సగం పోతుంది. చెయ్యి జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. ముక్కలు వేలల్లో ఉంటే ట్యాలీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. డీఫ్రాగ్ అంటే ఆ టిక్కీలన్నీ ఒకచోటికి చేర్చడం.

ఎస్‌ఎస్‌డీ అంటే చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్. అందులో పళ్లెమూ లేదు, చెయ్యీ లేదు. ముక్క ఎక్కడున్నా ఇంచుమించు ఒకే సమయంలో అందుతుంది. కాబట్టి పాత పద్ధతిలో పదేపదే డీఫ్రాగ్ చేస్తే పెద్దగా వేగం రాదు, రాతలు మాత్రం ఖర్చవుతాయి. చిప్పులో ఒక్కో గడి ఇన్నిసార్లే రాయగలం అని పరిమితి ఉంది. ఎస్‌ఎస్‌డీకి కావలసింది ట్రిమ్. ఎస్‌ఎస్‌డీ నిండిన గడి మీద నేరుగా రాయలేదు. ముందు చెరపాలి, అదీ పెద్ద బ్లాకు మొత్తం ఒకేసారి. మీరు ఫైలు డిలీట్ చేసిన కబురు అందకపోతే, అమ్ముడైపోయిన సరుకుని కూడా అది మోస్తూనే ఉంటుంది. ఆ కబురు అందించేదే ట్రిమ్. విండోస్‌లో ఇది 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఉంది.

ఇక చేసి చూద్దాం. స్టార్ట్ మెనూలో డీఫ్రాగ్ అని కొట్టి, వచ్చిన విండోలో ‘మీడియా టైప్’ వరస చూడండి. ‘హార్డ్ డిస్క్ డ్రైవ్’ అని ఉంటే ఆప్టిమైజ్ నొక్కగానే డీఫ్రాగ్ మొదలవుతుంది. ‘సాలిడ్ స్టేట్ డ్రైవ్’ అని ఉంటే ట్రిమ్ నడుస్తుంది, చాలావరకు నిమిషంలోపే అయిపోతుంది. హార్డ్‌డిస్క్‌కి గంటలు పట్టొచ్చు. షాపు కట్టేసే వేళకి మొదలుపెట్టండి, యూపీఎస్ ఉండాలి.

ఒక్కమాట. నొక్కేముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో డ్రైవ్ ఆరోగ్యం చూడండి. ‘కాషన్’ అని పసుపు రంగు కనిపిస్తే డీఫ్రాగ్ వద్దు, ముందు డేటా కాపీ చేసుకోండి. బ్రాడీపేటలో ఒకరి కంప్యూటర్‌కి నేను ఇది చూడకుండానే డీఫ్రాగ్ పెట్టాను. అసలే కొన ఊపిరితో ఉన్న డిస్క్, రాత్రంతా ముక్కలు మోసి తెల్లారేసరికి టక్ టక్ మంటూ ఆగిపోయింది. వాళ్ల పాప పుట్టినప్పటి ఫొటోలు అందులోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు. అప్పటినుంచి నా వరసలో కాపీ ముందు, ఆప్టిమైజ్ తర్వాత.

ఈ వారం మీ పని: ఆప్టిమైజ్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, రోజూ వాడే ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసిపెట్టండి. 4వ పాఠం ఆ అంకెలతోనే మొదలుపెడదాం.