అనపకాయల రోజుల్లో భోజనానికి పిలవండి

బెంగళూరులో డిసెంబర్, జనవరి నెలల్లో ఎవరినైనా భోజనానికి పిలిస్తే వంటంతా ముందే ముగించేయకండి. గాంధీ బజార్ వైపు వెళ్తే అనపకాయలు (సొరకాయలు కాదు, కన్నడంలో అవరేకాయి అనే చిక్కుడు జాతి కాయలు) కుప్పలు పోసి ఉంటాయి. ముందురోజు రాత్రి గింజలు ఒలిచి నీళ్లలో నానబెట్టండి. చుట్టాలో స్నేహితులో రాగానే ఆ గిన్నె వాళ్ల మధ్యలో పెట్టేయండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య గింజను నొక్కితే తొక్క చేతిలో ఉండిపోయి పప్పు జారి కింద పడుతుంది. పిల్లలకిది ఆట, పెద్దవాళ్లకు కబుర్లకు వీలు. కొత్తగా పరిచయమైనవాళ్లు కూడా సోఫా అంచున బిగుసుకుని కూర్చోరు.

ఈ పప్పుతో చేసే కూరకు కొబ్బరి, ధనియాలు, అల్లం, వెల్లుల్లి, చెక్క, లవంగాల మసాలా మాత్రం ముందే నూరి పెట్టుకోండి. పితికిపప్పుకు, అంటే ఇలా నొక్కి తొక్క తీసిన పప్పుకు, కుక్కర్ వద్దు, ముద్దయిపోతుంది. మామూలు గిన్నెలో మూతపెట్టి సన్నటి సెగ మీద ఉడికిస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. పప్పు విరగకూడదు, వేళ్లతో నొక్కితే మాత్రం నలగాలి.

పక్కన రాగి సంకటి గానీ దోసెలు గానీ చాలు. అప్పడాలు, మజ్జిగ ఎలాగూ ఉంటాయి. నాలుగు కూరలు, రెండు స్వీట్లు అని టెన్షన్ పడితే వచ్చినవాళ్లతో మాట్లాడే తీరికే ఉండదు, నాకు అదే పెద్ద లోటనిపిస్తుంది. ఎవరైనా ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ఇబ్బంది లేదు, వాళ్లు వచ్చాకే పొయ్యి వెలిగించండి. పితికిన పప్పు మిగిలితే డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు ఉప్మాలో వేసుకోవచ్చు.